పెద్ద చక్రాలు వేయించారని గేర్‌బాక్స్‌కు వారంటీ నిరాకరించవచ్చా?

ప్రశ్న: నా కారుకు కంపెనీ ఇచ్చిన 185/65 ఆర్15 టైర్లు తీసేసి, బయట 16 అంగుళాల అలాయ్ వీల్స్, 205/60 టైర్లు వేయించాను. ఇప్పుడు మూడో గేరు వేస్తే గరగరమంటోంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు చక్రం దగ్గర టకటకమని శబ్దం. చక్రాలు మార్చినందుకు వారంటీ మొత్తం పోయిందని సర్వీస్ సెంటర్‌వారు నోటిమాటగా చెప్పారు. కేసు వేస్తే నిలుస్తుందా?

జవాబు: గేరు విషయంలో నిలవవచ్చు. టకటక విషయంలో మీ వైపు బలం తక్కువ.

ముందు వారంటీ పుస్తకం తీయండి. ‘మార్పుల వల్ల కలిగిన లోపాలకు వర్తించదు’ అని ఉంటే, లోపం ఆ మార్పు వల్లే వచ్చిందని చూపాల్సింది వాళ్లు. ‘మార్పులు చేస్తే వారంటీ రద్దు’ అని ఉంటే దారి కష్టమే. అయినా సంబంధం లేని భాగానికి ఆ షరతు అంటగట్టడం అన్యాయమని వాదించవచ్చు.

ఇక సంబంధం సంగతి. మీ పాత చక్రం మొత్తం వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు, కొత్తది 652. అంటే 5 శాతం పెద్దది. తప్పు 16 అంగుళాల రిమ్ముది కాదు. దానికి 195/55 టైరు వేసి ఉంటే వ్యాసం దాదాపు పాతదే ఉండేది, మీ వకీలుకూ పని తగ్గేది. చక్రం పెద్దదైన కొద్దీ బండిని అంతే ఊపుతో లాగడానికి ఎక్కువ టార్క్ (తిప్పే బలం) కావాలి. ఆ అదనపు భారం క్లచ్, డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే భాగం), చక్రాలకు శక్తినిచ్చే డ్రైవ్ షాఫ్ట్, దాని చివర చక్రం మలిగినా తిరగనిచ్చే కీళ్లయిన సీవీ జాయింట్ల మీద పడుతుంది. మలుపులో టకటక చాలాసార్లు సీవీ జాయింటుదే కాబట్టి అక్కడ వాళ్ల మాటకు ఆధారం దొరుకుతుంది. ఒక్క గేరులోనే గరగర అంటే సాధారణంగా సింక్రనైజర్ రింగ్ (గేరు మారేటప్పుడు వేగాలను సమం చేసే రింగు) అరిగినట్టు. దాన్ని చక్రం వ్యాసంతో ముడిపెట్టడం వాళ్ల ఇంజనీరుకు అంత తేలిక కాదు.

మరో చిక్కు: ఓడోమీటర్ ఇప్పుడు అసలు దూరం కన్నా తక్కువ చూపుతోంది. వారంటీ కిలోమీటర్ల గడువుకు దగ్గరలో ఉంటే ఎదుటి పక్షం ఇది తప్పక ఎత్తుతుంది.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52ను కూడా వాళ్లు చూపవచ్చు. అది తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడం గురించిన సెక్షన్. మీ గేర్‌బాక్స్ ఎందుకు చెడిందన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

నిరాకరణను కారణాలతో రాతపూర్వకంగా అడగండి. పాత చక్రాలు గుట్టుగా బిగించి బండి తీసుకెళ్లే ఆలోచన మానుకోండి. జాబ్ కార్డులోనో ఫొటోలోనో బయటపడితే న్యాయమైన భాగం కూడా పోతుంది. గేర్‌బాక్స్ విప్పేటప్పుడు మీరుండాలి. తీసిన భాగాలు పారేయనివ్వకండి. జవాబు రాకపోతే నోటీసు ఇచ్చి, వివాద కారణం తలెత్తిన రెండేళ్లలోపు మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 38 కింద ఆ భాగాలను ల్యాబ్ పరీక్షకు పంపమని కోరండి. గేరుకూ సీవీ జాయింటుకూ పరిహారం విడివిడిగా అడగండి, ఒకటి వీగినా రెండోది నిలుస్తుంది.