టెక్ సందేహాలు: రెండు పళ్ల జతకు సీనియర్ల బండ

ఈ వారం వచ్చిన సందేహాల్లో నాలుగు మానిటర్ల మీదే. ఫోన్ల వాళ్లు, ప్రింటర్ల వాళ్లు ఒక్క వారం ఓపిక పట్టాలి.

ప్రశ్న: సార్, మాది కావలి. బీటెక్ రెండో సంవత్సరం. ఇంట్లో డెస్క్‌టాప్‌కి జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు వేయించుకున్నా. మానిటర్ మాత్రం మా నాయన ఎప్పుడో కొన్న 18.5 అంగుళాలదే. వాలొరంట్, జీటీఏ ఫైవ్ ఆడుకునేదానికి కొత్తది కావాలి. 12,000 దాటకూడదన్నారు. నెల్లూరులో షాపాయన 27 అంగుళాల కర్వ్‌డ్ మానిటర్ చూపించి, ‘1 ఎంఎస్, హెచ్‌డీఆర్ కూడా ఉంది, ఈ రేటుకి ఇంతకంటే మంచిది రాదు’ అంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. అది చెడ్డ మానిటరని కాదు, మీ కంప్యూటర్‌కీ మీ ఆటకీ నప్పదు.

మన వైపు బండలాగుడు పందేల్లో ఎద్దుల వయసును పళ్లతో లెక్కేసి, లేతవైన రెండు పళ్ల జతకు ఒక బండ, ఆరు పళ్లకు ఒకటి, సీనియర్లకు ఇంకోటి పెడతారు. ఎద్దుల్ని చూసి బండ ఎంచుతారు. కంప్యూటర్లో ఎద్దు గ్రాఫిక్స్ కార్డు. తెర మీద ఎన్ని చుక్కలుంటే బండ అంత బరువు. 1920×1080 తెరలో సుమారు 20.7 లక్షల చుక్కలు, 2560×1440లో 36.9 లక్షలు. 4 జీబీ మెమరీ ఉన్న 1650 మొదటిదాన్ని లాగేస్తుంది, రెండోదానికి కొత్త గేముల్లో మోకాళ్ల మీద పడుతుంది. మీకు 1080 చాలు.

ఇక 27 అంగుళాలు. మీ బడ్జెట్‌లో చూపించే 27 ఎక్కువగా అదే 1080. చుక్కలు అవే, పరిచిన చోటు పెద్దది. అంగుళానికి 82 చుక్కలే పడతాయి. మీ పాతది 1366×768 అయితే (ఆ సైజులో ఎక్కువ భాగం అవే) దాంట్లో అంగుళానికి 85 ఉన్నాయి. అంటే 12,000 పోసి పాతదానికంటే గరుకు తెర ఇంటికి తెచ్చుకున్నట్టు! 24 అంగుళాలు తీసుకుంటే 92 పడతాయి. పైగా వాలొరంట్ ఆడే పిలకాయలు తెరకు ముక్కు ఆనించి కూర్చుంటారు. 24లో అయితే మూలనున్న మ్యాపు కోసం మెడ తిప్పక్కర్లేదు.

కర్వ్‌డ్ సంగతి. తక్కువ ధరలో వంపు తిరిగినవి దాదాపు అన్నీ వీఏ అనే రకం ప్యానెళ్లు (బొమ్మ చూపించే తెర భాగం). వాటి గొప్పతనం నలుపులో ఉంది. కాంట్రాస్ట్, అంటే తెలుపుకీ నలుపుకీ మధ్య తేడా, 3000:1 దాకా వస్తుంది. ఐపీఎస్ అనే ఇంకో రకం మామూలు ప్యానెల్‌కి 1000:1 దగ్గర. చీకటి గదిలో చూస్తే వీఏ నలుపు పాలిష్ పట్టిన చీమకుర్తి గ్రానైటులా ఉంటుంది. ఐపీఎస్ నలుపు బలపం రాసి చేత్తో తుడిచిన మార్కాపురం పలక. సినిమాలకు గ్రానైటే బాగుంటుంది. కానీ వీఏలో ఒక ముదురు రంగు ఇంకో ముదురు రంగుకు మారడం నెమ్మది. జీటీఏలో రాత్రిపూట కారు తోలుతుంటే నీడలు ఆరని సిరాను చేత్తో తుడిచినట్టు వెనకాలే అలుక్కుంటూ వస్తాయి. కొందరికి అది కనిపించదు, కనిపించినవాళ్లకు ఇక వేరే ఏదీ కనిపించదు. మీ ఆటలకు పలకే మేలు, ఐపీఎస్ తీసుకోండి.

‘1 ఎంఎస్’ (ఒక మిల్లీసెకను) అనేది పెట్టె మీది ఎచ్చులు. ఒక రంగు నుంచి మరో రంగుకు మారే సమయం అది. అన్ని మార్పుల్లోకీ వేగమైనదాన్ని ఏరి రాస్తారు. పక్కన చిన్న అక్షరాల్లో ఎంపీఆర్‌టీ అని ఉంటే లెక్కే వేరు, వెనక లైటును టపటపా ఆర్పి వెలిగిస్తూ సాధించే అంకె అది. ఆన్ చేశారంటే తెర మసకబారుతుంది. హెచ్‌డీఆర్ (వెలుగునీ చీకటినీ ఎక్కువ తేడాతో చూపించే సౌకర్యం) అయితే పేరు గొప్ప, ఊరు దిబ్బ. డిస్‌ప్లే హెచ్‌డీఆర్ ముద్రల్లో అట్టడుగు మెట్టు ఎక్కాలన్నా 400 నిట్ల వెలుగు కావాలి. ఈ ధర మానిటర్లు మామూలుగా 250, 300 దగ్గర ఆగుతాయి. పెట్టె మీద ‘హెచ్‌డీఆర్ 10 సపోర్ట్’ అని ఉందంటే, ఆ సిగ్నల్ వస్తే కాదనదు అని మాత్రమే.

డబ్బు పెట్టాల్సింది రిఫ్రెష్ రేటు మీద, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క (హెర్ట్జ్) మీద. 60 హెర్ట్జ్‌లో బొమ్మ 16.7 మిల్లీసెకన్లకోసారి మారుతుంది, 144లో 6.9కి. ఆ పది మిల్లీసెకన్లు ఏపాటి అనుకోకండి, మౌసు కదిపిన మొదటి క్షణంలోనే తెలుస్తుంది. 144 నుంచి 180కి పోతే మాత్రం కలిసొచ్చేది 1.4. అదే ధరకు వస్తే 180 తీసుకోండి. దానికోసం ఇంకో వెయ్యి అడిగితే ఇవ్వకండి.

వాలొరంట్ తేలిక గేమ్, మీ కార్డు ఆ వేగాన్ని అందుకుంటుంది. జీటీఏలో వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది. ఆ ఊపుకు బొమ్మ అడ్డంగా చిరిగినట్టు కనిపించకుండా చూసేదే అడాప్టివ్ సింక్. ఫ్రీసింక్ అంటే ఏఎండీ కంపెనీ దీనికి పెట్టుకున్న పేరు. 2019 జనవరి నుంచి మీ 1650 లాంటి ఎన్‌విడియా కార్డులు కూడా ఫ్రీసింక్ మానిటర్లతో కలిసి ఈ పని చేస్తున్నాయి. కాకపోతే మీ 1650కి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ కావాలి. పెట్టెలో హెచ్‌డీఎంఐ ఒక్కటే పెట్టి పంపేవాళ్లున్నారు, ముందే అడగండి.

కాబట్టి 24 అంగుళాలు, 1080, ఐపీఎస్, 144 లేదా ఆ పైన, ఫ్రీసింక్, డిస్‌ప్లేపోర్ట్. మీ నాయన ఇచ్చే డబ్బులో ఇది దొరుకుతుంది. షాపుకి పోయేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో పూర్తిగా నల్లటి బొమ్మ ఒకటి, తెల్లటిది ఒకటి వేసుకుని పోండి. షాపుల్లో ఎప్పుడూ పూలు, సీతాకోకచిలుకలే తిరుగుతుంటాయి. వాటిని ఏ ప్యానెల్ మీద వేసినా కళ్లు చెదురుతాయి. నల్లదాని మీద అంచుల్లోంచి లైటు కారుతోందా, తెల్లదాని మీద చచ్చిన చుక్కలున్నాయా చూసుకోండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వచ్చిన రోజే ఈ పరీక్ష పెట్టండి, వాపసు గడువు దాటాక పెట్టి లాభం లేదు.

ప్రశ్న: ఒంగోలు నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి 24 అంగుళాల గేమింగ్ మానిటర్ కావాలని పట్టుబట్టాడు. ఇంచుమించు అదే డబ్బుకి 32 అంగుళాల టీవీ వస్తోంది కదండీ. ఆటకు ఆట, మాకు సీరియళ్లకు సీరియళ్లు. వాడు వినడం లేదు. మీరైనా చెప్పండి.

జవాబు: ఈ పంచాయితీలో నేను మీ అబ్బాయి పక్షమే, క్షమించాలి. చౌకగా దొరికే 32 అంగుళాల టీవీలు చాలావరకు ‘హెచ్‌డీ రెడీ’, అంటే 1366×768. అంగుళానికి 49 చుక్కలు. పది అడుగుల దూరం నుంచి సీరియల్ చూడ్డానికి సరిపోతుంది, రెండడుగుల దూరంలో కూర్చుంటే అక్షరాలకు నూగు పట్టినట్టుంటుంది. అవి 60 హెర్ట్జ్ దాటవు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఆలస్యం. వచ్చిన బొమ్మను టీవీ తన పద్ధతిలో దిద్ది, మెరుగులు పెట్టి అప్పుడు చూపిస్తుంది. మీవాడు నొక్కినదానికి తుపాకీ పేలడం ఆలస్యమైతే అవతలివాడు ముందే కాల్చేస్తాడు.

టీవీ ఇప్పటికే ఇంట్లో ఉంటే మాత్రం కొత్తది కొనేదాకా వాడుకోవచ్చు. సెట్టింగుల్లో ‘గేమ్ మోడ్’ ఆన్ చేయండి, హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును ‘పీసీ’గా మార్చండి. చాలా టీవీల్లో ఈ రెండింటితో ఆలస్యం తగ్గుతుంది, అక్షరాలు తేటపడతాయి.

అన్నట్టు, జీఎస్టీ తగ్గింది కాబట్టి 24 అంగుళాల మానిటర్ రేటు తగ్గించామని ఎవరైనా చెబితే నమ్మకండి. 32 అంగుళాలు, అంతకు లోపు తెరల మీద పన్ను 2019 జనవరి నుంచే 18 శాతం. 2025 సెప్టెంబరులో 28 నుంచి 18కి దిగింది అంతకంటే పెద్దవాటికి.

ప్రశ్న: పొదిలి నుంచి. 165 హెర్ట్జ్ మానిటర్ కొని ల్యాప్‌టాప్‌కి తగిలించా అన్నా. ఏం తేడా లేదు. మోసపోయానా?

జవాబు: మానిటర్‌ను తిట్టే ముందు విండోస్‌ను అడగండి. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. అక్కడ పైన కొత్త మానిటర్‌ను ఎంచుకుని రిఫ్రెష్ రేటు చూడండి. చాలాసార్లు 60 దగ్గరే కూర్చుని ఉంటుంది, విండోస్ అన్నిసార్లూ తనంతట తాను పెంచదు. నాకూ ఇదే జరిగింది. కొత్త మానిటర్ పెట్టుకుని మూడు నెలలు 60లోనే నడిపాను, పైగా వచ్చినవాళ్లందరికీ ‘చూశారా ఎంత నున్నగా కదులుతోందో’ అని చూపించాను. పాపం, వాళ్లూ చూశామన్నారు.

ఆ జాబితాలో 165 అసలు లేకపోతే దారిలో ఏదో అడ్డం పడినట్టు. పాత ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ 1.4 ఉంటుంది, అది 1080లో మామూలుగా 120 దగ్గర ఆగిపోతుంది. మధ్యలో చౌక కన్వర్టర్ ఉంటే 60 దగ్గరే. మీ ల్యాప్‌టాప్ టైప్-సీలో డిస్‌ప్లేపోర్ట్ సౌకర్యం ఉందేమో చూడండి. ఉంటే టైప్-సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి నేరుగా పోయే కేబుల్ వేయండి, 165 కనిపిస్తుంది. డెస్క్‌టాప్ వాళ్లకు ఇంకో మాట: కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా, పైనున్న మదర్‌బోర్డు పోర్టుకు పెట్టారా? రెండోదైతే కార్డు కొన్న డబ్బు క్యాబినెట్‌లో నిద్రపోతోంది.

ప్రశ్న: ఇందుకూరుపేట మండలం. మానిటర్ మీద పై నుంచి కిందికి పచ్చ గీత పడింది. రిపేరు చేయించేదా, కొత్తది కొనేదా?

జవాబు: మానిటర్ కింద ఉన్న బటన్ నొక్కి దాని సొంత మెనూ తెరవండి. గీత ఆ మెనూ మీదుగా కూడా పోతుంటే ప్యానెల్ పోయింది. వారంటీ లేకపోతే రిపేరుకు ఇవ్వకండి, ప్యానెల్ మార్చే ఖర్చుకు ఇంకాస్త వేస్తే కొత్తదే వస్తుంది. గీత మెనూ కిందికి దాక్కుంటే తప్పు మానిటర్‌ది కాదు, కేబుల్‌దో కార్డుదో. ముందు కేబుల్ మార్చి చూడండి.