సింబయాటిక్ జంటల కక్ష్య కట్టబోయే మేనకోడలికి

విజయనగరం

చి. అమ్మలూకి మావయ్య ఆశీస్సులు.

పీహెచ్‌డీకి సింబయాటిక్ జంట తారల కక్ష్యలు తీసుకున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషం. నా ఉద్యోగమంతా రెడ్ జెయింట్ల (ఉబ్బిపోయిన చల్లని ఎర్ర నక్షత్రాల) వేగాలు కొలవడంలోనే గడిచింది కాబట్టి ఒక మాట గట్టిగా చెప్తున్నాను. నక్షత్రం వెలుగుని రంగులుగా విడదీసిన స్పెక్ట్రమ్‌లో గీతలు ఎంత పక్కకి జరిగాయో చూసే కదా వేగం చెప్తాం. ఆ స్పెక్ట్రమ్ బాగా రావడం ఎంత ముఖ్యమో, దాన్ని ఏ తేదీన తీశావన్నది అంతకన్నా ముఖ్యం.

సింబయాటిక్ జంటలో ఒకటి రెడ్ జెయింట్, రెండోది చాలావరకు వైట్ డ్వార్ఫ్, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన చిన్న వేడి నక్షత్రం. జెయింట్ వదిలే వాయువు డ్వార్ఫ్ వేడికి అయనీకరణం చెంది వెలుగుతుంది. మామూలు కాంతిలో ఆ వెలుగు, హైడ్రోజన్ ఉద్గార రేఖలు కలిసి జెయింట్ గీతల్ని కప్పేస్తాయి. ఉద్గార రేఖ పక్కకి జరిగిందని నక్షత్రమే కదిలిందనుకోకు, కదిలింది వాయువు కావచ్చు. ఇన్‌ఫ్రారెడ్‌లో వెలుగు దాదాపు అంతా జెయింట్‌దే. 2.3 మైక్రాన్ల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ గీతలు, 1.56 మైక్రాన్ల దగ్గర ఇనుము, టైటానియం గీతలు శుభ్రంగా దొరుకుతాయి. ఖగోళ శాస్త్రవేత్తలు ఫెకెల్, హింకిల్, జాయిస్‌ల బృందం 2000 నుంచి ఇలాగే వరసగా కక్ష్యలు కట్టింది. వాళ్లు వాడుతున్న ఆస్ట్రేలియాలోని మౌంట్ స్ట్రోమ్లో టెలిస్కోపు 2003 జనవరి కార్చిచ్చులో కాలిపోయినా పని ఆపలేదు. వాళ్ల పేపర్లలో టేబుల్స్ ముందు చదువు.

పరికరం దగ్గర మొహమాటపడకు. జెయింట్ వేగం మారేది చాలా జంటల్లో సెకనుకు 5 నుంచి 10 కిలోమీటర్లే. నైనితాల్ దగ్గర దేవస్థల్ 3.6 మీటర్ల టెలిస్కోపుకున్న టాన్‌స్పెక్ అనే స్పెక్ట్రమ్ పరికరం మంచిదే, కానీ దాని రిజల్యూషన్ (దగ్గరదగ్గర రంగుల్ని విడదీసే శక్తి) సుమారు 2,750. అంటే అది విడదీసి చూపగలిగే వేగం తేడా సెకనుకు 100 కిలోమీటర్ల పైన మాట. ఈ పనికి అది చాలదు. ఇగ్రిన్స్ లాంటి 45,000 రిజల్యూషన్ పరికరంతో తీసిన డేటా కోసం ప్రయత్నించు. ప్రతి రాత్రీ వేగం బాగా తెలిసిన ఒక ఎం రకం (బాగా చల్లని) జెయింట్‌ని, డెల్టా ఒఫియూకై లాంటిదాన్ని, తప్పనిసరిగా తియ్యి. మన గాలిలోని నీటి ఆవిరి గీతలు తీసెయ్యడానికి ఆకాశంలో అదే ఎత్తులో ఉన్న ఒక వేడి నక్షత్రం కూడా కావాలి. టైమ్ చాలట్లేదని ఈ రెండూ మానేస్తే మిగతా శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇక తేదీలు. ఆర్‌డబ్ల్యూ హైడ్రే అనే సింబయాటిక్ జంట సంగతి చూడు. దాని కక్ష్య ఒక చుట్టు తిరగడానికి సుమారు 370 రోజులు, మన ఏడాదికి ఐదు రోజులే ఎక్కువ. ఏటా ఏప్రిల్‌లోనే చూస్తే ఏటా దాదాపు అదే ఫేజ్ (కక్ష్యలో అదే చోటు) దొరుకుతుంది. వానాకాలంలో మన దగ్గర డోములు మూసేస్తారు, అక్టోబర్‌కి అది సూర్యుడికి దగ్గరవుతుంది. అందుకే డిసెంబర్ చివర తెల్లవారుజామున ఒకటి, జూన్ మొదట్లో సాయంత్రం ఒకటి ఎలాగైనా సంపాదించాలి. నడి సీజన్‌లో పది తీసినా ఈ రెండింటికి సాటిరావు. టెలిస్కోపు సమయం కోసం ప్రపోజల్ రాసేటప్పుడు ఫేజ్ పట్టిక ముందు వేసి, కావలసిన రాత్రులు పేరుపెట్టి అడుగు. కమిటీ వాళ్లు కూడా అలా అడిగినదాన్నే నమ్ముతారు.

జెయింట్ ఉబ్బి తగ్గుతున్నా వేగం మారుతుంది, అది మోసం చేస్తుంది. సీహెచ్ సిగ్నై అనే జంటలో 15.6 ఏళ్లది ఒకటి, 2.1 ఏళ్లది ఒకటి, వేగం మళ్లీ మళ్లీ అదే వరసలో మారే రెండు పీరియడ్లు కనిపిస్తే మూడు నక్షత్రాలున్నాయేమో అనుకున్నారు. 2009లో హింకిల్ బృందం 15.6 ఏళ్లదే కక్ష్య, రెండోది జెయింట్ సొంత స్పందన అని తేల్చింది. నీకూ రెండు పీరియడ్లు వస్తే టెన్షన్ పడకు, కాంతి వక్రరేఖ (వెలుగు రోజుల వెంట ఎలా మారిందో చూపే గీత) పక్కపక్కన పెట్టి పోల్చి చూడు. కక్ష్యకి కొద్దిపాటి ఉత్కేంద్రత (గుండ్రం కాకుండా సాగడం) వస్తే మాత్రం వెంటనే నమ్మెయ్యకు. వృత్తం పెట్టి మళ్లీ ఫిట్ చెయ్యి, తేడా గట్టిగా లేకపోతే వృత్తమే ఉంచు.

ముందు ఒక పని చెయ్యి. టి కరోనే బొరియాలిస్ అనే జంటకి అచ్చయిన జెయింట్ వేగాలు తీసుకుని నీ ప్రోగ్రాంతో ఫిట్ చెయ్యి. పీరియడ్ 227.57 రోజులు, వేగం సగటు నుంచి ఊగేది సెకనుకు 24 కిలోమీటర్లకి కాస్త తక్కువ, ఈ రెండింటి నుంచి వచ్చే మాస్ ఫంక్షన్ (జంట తార బరువుకి ఒక కనీస హద్దు) సూర్యుడి ద్రవ్యరాశిలో 0.32 రావాలి. రాకపోతే తప్పు నీ ప్రోగ్రాంలోనే ఉంటుంది, సూర్యకేంద్ర సవరణ (భూమి కదలికని లెక్కలోంచి తీసేసే సవరణ) ప్లస్-మైనస్ గుర్తు తిరగబడిందేమో మొదట చూసుకో. సిరిమాను పండక్కి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో, ఫేజ్ పట్టిక ఇద్దరం కూర్చుని వేద్దాం.

మీ మావయ్య