జపాన్ మిగులుకు మూలం ఎక్కడ?

ప్రశ్న: 1980లలో జపాన్ ఎగుమతులు దిగుమతులను బాగా మించి ఉండేవనీ, అదే కాలంలో అక్కడి వ్యవసాయం, చిల్లర వ్యాపారం వెనుకబడి ఉండేవనీ చదివాను. ఈ రెండూ ఎలా పొసగుతాయి? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఉత్పాదకత పెరిగితేనే మిగులు వస్తుందన్న అభిప్రాయం మీ ప్రశ్న వెనుక ఉంది. చిక్కల్లా అక్కడే. దేశం ఏ సరుకు అమ్మాలో, ఏది కొనాలో తేల్చడంలో రంగాల ఉత్పాదకతకు పెద్ద పాత్ర ఉంటుంది. మొత్తం మీద ఎంత మిగులుతుందన్నది మాత్రం, దేశం చేసే పొదుపు స్వదేశంలో పెట్టే పెట్టుబడిని ఎంత మించిందన్న దాని మీద ఆధారపడుతుంది.

1973 చమురు సంక్షోభం తర్వాత జపాన్ కంపెనీల పెట్టుబడుల జోరు తగ్గినా, కుటుంబాల పొదుపు ఎక్కువగానే కొనసాగింది. కొంతకాలం ప్రభుత్వం అప్పులు చేసి ఆ సొమ్మును వాడుకుంది; 1980లలో లోటు తగ్గించుకోవడం మొదలుపెట్టాక అది విదేశాలకు, ముఖ్యంగా అమెరికా బాండ్లలోకి మళ్లింది. పన్నులు తగ్గించి, రక్షణ వ్యయం పెంచి పెద్ద లోటు తెచ్చుకున్న అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వానికి ఆ సొమ్ము అక్కరకొచ్చింది. 1986లో జపాన్ కరెంటు ఖాతా (ఎగుమతి దిగుమతులతో పాటు విదేశీ ఆస్తుల ఆదాయాన్నీ కలిపి చూసే లెక్క) మిగులు జీడీపీలో 4 శాతం దాటింది.

ఇక రంగాల మధ్య అంతరం సంగతి. కార్లు, ఎలక్ట్రానిక్స్ ప్రపంచ పోటీలో రాటుదేలాయి. బియ్యం దిగుమతులను మాత్రం దాదాపుగా అనుమతించలేదు; చిన్న కమతాల్లో, వేరే ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో సాగుచేసే రైతులే ఎక్కువ. పెద్ద దుకాణం తెరవాలంటే 1974 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం స్థానిక వర్తకుల అభ్యంతరాలను దాటుకుని రావాల్సి ఉండేది. అందువల్ల సరుకు టోకు వర్తకుల చేతులు రెండు మూడు మారి వీధి చివరి చిన్న అంగడికి చేరేది. ప్రపంచంలోకెల్లా నేర్పుగా కార్లు తయారుచేసే కార్మికుడు, ఇంటికెళ్లి అంతర్జాతీయ ధరకు ఎన్నో రెట్లు పెట్టి బియ్యం కొనుక్కునేవాడు.

ఈ తలుపులు తెరిస్తే మిగులు కరిగిపోతుందని అమెరికా నాయకులు వాదించారు. తెరిస్తే లాభపడేది ప్రధానంగా జపాన్ వినియోగదారులేనని నా అంచనా. డాలరు విలువ తగ్గించేందుకు అమెరికా, జపాన్ సహా ఐదు దేశాలు 1985లో కుదుర్చుకున్న ప్లాజా ఒప్పందానికి ముందు 240 యెన్ల దగ్గర ఉన్న డాలరు రెండేళ్లలో 150 దిగువకు పడిపోయినా, మిగులు తగ్గింది గానీ పోలేదు. 2011లో సునామీ తర్వాత అణు విద్యుత్ కేంద్రాలు మూతపడి ఇంధన దిగుమతులు పెరగడంతో, 1980 తర్వాత తొలిసారి వార్షిక వాణిజ్య లోటు వచ్చింది. కరెంటు ఖాతాలో మాత్రం అప్పుడూ మిగులే. దశాబ్దాల పొదుపుతో విదేశాల్లో కొన్న ఆస్తుల మీద వచ్చే వడ్డీలు, డివిడెండ్లు ఆ లోటును పూడ్చాయి.