పేరు మార్పుకు కోర్టు అక్కర్లేదు, ఆధార్‌లో మాత్రం మీకు మిగిలింది ఒక్క అవకాశమే

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. సొంత ఊరు గుంటూరు జిల్లాలో. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. మా నాయనమ్మ పేరే నాకు పెట్టారు. బడిలో మొదలైన వెక్కిరింతలు ఆఫీసులో కూడా ఆగలేదు. పేరు మార్చుకోవాలని గట్టిగా అనుకుంటున్నాను. పదో తరగతి సర్టిఫికెట్, పాన్ కార్డు పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నాయి. పెళ్లయ్యాక ఆధార్‌లో మాత్రం మావారి ఇంటిపేరు చేర్పించాను. పాస్‌పోర్టు ఇంకా తీసుకోలేదు. కోర్టు ఉత్తర్వు, గెజిట్ అన్నీ తానే తెప్పిస్తానని ఒక ఏజెంటు 18 వేల రూపాయలు అడుగుతున్నాడు. నిజంగా అంత ఖర్చవుతుందా? పదో తరగతి సర్టిఫికెట్‌లో కూడా పేరు మారుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ ఏజెంటుకు డబ్బు ఇవ్వకండి. మీలాంటి మేజరు పేరు మార్చుకోవడానికి కోర్టు ఉత్తర్వు అవసరం లేదు. మన దేశంలో పేరు మార్పు కోసం ప్రత్యేకంగా చేసిన చట్టమంటూ ఏదీ లేదు. ఫలానా తేదీ నుంచి నా పేరు ఇది అని మీరే ప్రమాణపూర్వకంగా ప్రకటించాలి, ఆ ప్రకటన నలుగురికీ తెలిసేలా వార్తాపత్రికలో, ప్రభుత్వ అధికార పత్రిక అయిన గెజిట్‌లో అచ్చు కావాలి. అంతే. ఒకరి పేరు ఏమిటన్నది వారి వ్యక్తిత్వంలో భాగమని, రాజ్యాంగంలోని 19(1)(ఎ), 21 అధికరణాలు ఆ హక్కును కాపాడతాయని సుప్రీంకోర్టు 2021లో జిగ్యా యాదవ్ కేసులో స్పష్టంగా చెప్పింది. అందువల్ల ఎవరి అనుమతి కోసమో సంకోచించకండి. 

ఇక అసలు జాగ్రత్త. ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. పెళ్లయ్యాక ఇంటిపేరు చేర్పించినప్పుడు మీరు ఒకటి వాడేశారు. మిగిలింది ఒక్కటే. అది కూడా అయిపోయాక అక్షరం తప్పు పడిందని తెలిస్తే, గెజిట్ పట్టుకుని అమీర్‌పేటలోని ఆధార్ ప్రాంతీయ కార్యాలయానికి విన్నవించుకోవాలి. వాళ్లు ఒప్పుకుంటేనే మారుతుంది. కాబట్టి కొత్త పేరు, ఇంటిపేరు, రెండింటి ఇంగ్లిష్ స్పెల్లింగు, ఏది ముందు ఏది వెనుక అన్నది కాగితం మీద రాసుకుని ఖాయం చేసుకున్నాకే మొదటి అడుగు వేయండి. సంఖ్యాశాస్త్రం ప్రకారం ఒక అక్షరం కలపాలని అనుకుంటే అది కూడా ఇప్పుడే తేల్చుకోండి, గెజిట్ వచ్చాక కాదు.

ఇంటిపేరు విషయంలో నా సలహా అడిగితే, పుట్టింటి ఇంటిపేరే ఉంచుకోండి. పెళ్లయిన స్త్రీ భర్త ఇంటిపేరు పెట్టుకోవాలని ఏ చట్టమూ నిర్బంధించదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న ఇంటిపేరే కొనసాగితే మీ పత్రాల మధ్య తేడా ఒక్క పేరు దగ్గరే ఉంటుంది. పేరు, ఇంటిపేరు రెండూ వేరైతే ఆ సర్టిఫికెట్ మీదేనని ప్రతిచోటా మొదటి నుంచీ వివరించుకోవాల్సి వస్తుంది. మీవారి ఇంటిపేరు మీద మీకు ప్రేమ ఉంటే అది వేరే సంగతి, ఆ నిర్ణయం పూర్తిగా మీది.

మొదటి కాగితం అఫిడవిట్, అంటే ప్రమాణపత్రం. నాన్‌జ్యుడీషియల్ స్టాంపు పేపరు మీద టైపు చేయించి నోటరీ ముందు సంతకం చేయాలి. ఇక్కడే చాలామంది ఒక తప్పు చేస్తారు. పాత పేరు ఒకే రూపంలో రాసి ఊరుకుంటారు. మీ పాత పేరు పదో తరగతిలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఒక్కొక్క పత్రం పేరు, దాని నంబరు చెప్పి, అందులో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా రాయించండి. ఆ పేర్లన్నీ నావే, ఆ వ్యక్తిని నేనే, ఇకపై నా పేరు ఇది అన్న వాక్యం తప్పనిసరి. అప్పులు, కేసులు తప్పించుకోవడానికి ఈ మార్పు చేయడం లేదని కూడా ఒక మాట ఉండాలి. స్టాంపు, టైపు, నోటరీ అన్నీ కలిపి ఖర్చు వందల్లోనే తేలుతుంది.

తర్వాత పత్రికా ప్రకటనలు. ఒకటి హైదరాబాద్ ఎడిషన్‌లో, ఒకటి గుంటూరు ఎడిషన్‌లో వేయించండి. ఒకటి ఇంగ్లిష్, మరొకటి తెలుగు పత్రిక అయితే మంచిది. మీ ప్రస్తుత చిరునామా, శాశ్వత చిరునామా వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్నాయి గనుక, రేపు పాస్‌పోర్టు దగ్గర ఎవరైనా అడిగినా రెండుచోట్లా ప్రకటించినట్టు చూపించవచ్చు. మొత్తం పనిలో ఖర్చు పెరిగేదీ తగ్గేదీ ఇక్కడే. క్లాసిఫైడ్స్‌లో నాలుగైదు వరుసల ప్రకటన చాలు, డబ్బా కట్టించి పెద్ద అక్షరాలతో వేయించాల్సిన పని లేదు. ప్రకటన ముక్క కత్తిరించి దాచుకోకండి. పత్రిక పేరు, తేదీ కనిపించేలా పేజీ మొత్తం దాచండి. నాలుగైదు ప్రతులు కొనిపెట్టుకోండి.

మూడోది గెజిట్. తెలంగాణ గెజిట్ పని చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయంలో జరుగుతుంది. మీకు రెండు రాష్ట్రాలతోనూ సంబంధం ఉంది కాబట్టి నేరుగా కేంద్ర గెజిట్‌కే వెళ్లమంటాను. దరఖాస్తును ఢిల్లీ సివిల్ లైన్స్‌లోని ప్రచురణల విభాగానికి పోస్టులో పంపవచ్చు. మేజర్లకు రుసుము 1,100 రూపాయలు. పంపే రోజున ఒకసారి వారి వెబ్‌సైటులో సరిచూసుకోండి. నిర్ణీత నమూనాలో మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. అఫిడవిట్, పత్రికా ప్రకటన అసలు ప్రతి, గుర్తింపు కార్డు నకలు, రెండు ఫొటోలు జతచేయాలి. ప్రకటన పాఠాన్ని వర్డ్ ఫైలుగా సీడీలో కూడా పెట్టాలి. ఆ ఫైలులో సంతకం ఉండాల్సిన చోట పాత పేరు టైపు చేస్తారు, సాక్షుల వివరాలు ఉంచరు. ఇలాంటి చిన్న తేడాలకే దరఖాస్తులు వెనక్కి వస్తుంటాయి. అన్నీ సరిగ్గా ఉంటే కొన్ని వారాల్లో గెజిట్ నాలుగో భాగంలో అచ్చవుతుంది. ఈ-గెజిట్ వెబ్‌సైటు నుంచి ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

ఆ పేజీ పైభాగంలో ఒక హెచ్చరిక కనిపిస్తుంది. ఈ ప్రకటనలకు ప్రభుత్వం చట్టపరమైన బాధ్యత వహించదని, పర్యవసానాలకు ప్రకటించినవారే బాధ్యులని అందులో ఉంటుంది. అది చూసి కంగారుపడకండి. గెజిట్ మీకు కొత్త పేరును ప్రసాదించదు, మీరు ప్రకటించారన్న సంగతికి సాక్ష్యంగా నిలుస్తుంది. అఫిడవిట్‌లో ప్రతి అక్షరం నిజమై ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

గెజిట్ చేతికొచ్చాక ముందుగా ఆధార్ మార్పించండి, రుసుము 75 రూపాయలు. నమోదు కేంద్రంలో ఆపరేటరు టైపు చేసిన పేరును తెర మీద చూసి, రసీదులో ఇంకోసారి చదివాకే అక్కడి నుంచి కదలండి. ఆ తర్వాత పాన్, దానికి సుమారు 107 రూపాయలు. పాన్ మారాక బ్యాంకు. పీఎఫ్ ఖాతాలో కూడా పేరు మార్పించుకోవాలి. దీన్ని చాలామంది మరిచిపోయి, ఉద్యోగం మానేశాక డబ్బు తీసుకోబోయి ఇబ్బంది పడతారు. పాస్‌పోర్టు ఆఖర్న తీసుకోండి. సాధారణ పద్ధతిలో 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు. దరఖాస్తులో ఇంటిపేరు గడిని ఖాళీగా వదలకండి. అలా వదిలిన మనవాళ్లకు అమెరికా వీసా మీద అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతోంది.

పదో తరగతి సర్టిఫికెట్ గెజిట్‌తో దానంతటది మారదు. బడి అడ్మిషన్ రిజిస్టరులో సరిగ్గా ఉండి సర్టిఫికెట్‌లో తప్పు పడితే ప్రధానోపాధ్యాయుడు, జిల్లా విద్యాధికారి ద్వారా ప్రభుత్వ పరీక్షల సంచాలకుడికి దరఖాస్తు వెళుతుంది. మీది తప్పు దిద్దుబాటు కాదు, కొత్త పేరు. జిగ్యా యాదవ్ కేసు సీబీఎస్‌ఈ అనే కేంద్ర బోర్డు సర్టిఫికెట్ల గురించిందే అయినా, ఇలాంటి అభ్యర్థనలను పూర్తిగా తోసిపుచ్చడం కుదరదన్న సూత్రం మీకు ఉపయోగపడుతుంది. బోర్డు నిరాకరిస్తే హైకోర్టులో రిట్ వేయవచ్చు, లేదా స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 34వ సెక్షన్ కింద సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా, అంటే నా పేరు ఇదేనని ప్రకటించమని కోరే దావా, వేయవచ్చు. వకీలు ఫీజు, వాయిదాలు అసలు ఖర్చయ్యేది అప్పుడే. నన్నడిగితే ఆ దారి ఇప్పుడు వద్దు. సర్టిఫికెట్ పాత పేరుతోనే ఉండనివ్వండి, దాని వెనుక గెజిట్ ప్రతి, అఫిడవిట్ జతచేసి చూపండి. ఆ జతను కాదని ఎవరైనా రాతపూర్వకంగా తిరస్కరిస్తే, ఆ కాగితంతో నేరుగా హైకోర్టు లాయరును కలవండి.