మీ ప్రశ్న – మా జవాబు: జీటీకే 5 వచ్చేదాకా ఆగమంటారా?

ప్రశ్న: అన్నా, మా మామయ్య ఎరువుల షాపుకి బిల్లింగ్ ప్రోగ్రామ్ నేనే రాసిచ్చా, పైథాన్‌లో, స్క్రీన్ మీద విండోలు, బటన్లు గీసిపెట్టే జీటీకే టూల్‌కిట్ 3వ వెర్షన్‌తో. లినక్స్ మీద మూడేళ్లుగా బాగానే నడుస్తోంది. ఇప్పుడు ఒక ఫ్రెండేమో 4కి మారిపో అంటాడు, ఇంకొకడు ఎలాగూ 5 వస్తుంది కదా అప్పుడు ఒకేసారి మారొచ్చులే అంటాడు. అసలు జీటీకే వాళ్లు వెర్షన్లు ఏ లెక్కన ప్లాన్ చేస్తారు?
– ఓ డిగ్రీ స్టూడెంట్, ఖమ్మం

జవాబు: తమ్ముడూ, ముందు షాపు సంగతి చెప్తా, రేపు పొద్దున్నే బిల్లులు ఆగిపోవు, కంగారు పడకు. జీటీకే వాళ్ల పద్ధతి ఏంటంటే కొత్త మేజర్ వెర్షన్ వస్తే దాని ముందుది ఉంటుంది, ఆ ముందుదానికి ముందుది పోతుంది. 2020 డిసెంబర్‌లో 4.0 వచ్చింది, కొద్ది రోజులకే జీటీకే 2కి ఆఖరి రిలీజ్ ఇచ్చి ఇక సెలవన్నారు. అదే లెక్కన 5 వచ్చిన రోజు 3కి నూకలు చెల్లినట్టే. ఇప్పటికే 3లో కొత్తగా వచ్చేదేం లేదు, 2018 నుంచి 3.24 సిరీస్‌లోనే రిపేర్లు చేసుకుంటూ వస్తున్నారు.

నీ రెండో ప్రశ్న ఇంకా బాగుంది, ఎందుకంటే ఈ ప్లానింగ్ విషయంలో వాళ్లే ఒకసారి తడబడ్డారు. 3.0 వచ్చింది 2011లో. ఆ తర్వాత స్టేబుల్ అని పేరు పెట్టిన సిరీస్‌లోనే కొత్త ఫీచర్లు పెడుతూ పోయారు, దాంతో థీమ్‌లు తయారుచేసేవాళ్లకి నరకం, ఆర్నెల్లకోసారి కొత్త రిలీజ్ వస్తే చాలు వాళ్ల పని మళ్లీ మొదటికొచ్చేది. అందుకని 2016 జూన్‌లో టొరంటోలో కూర్చుని ఒక ప్లాన్ వేశారు: రెండేళ్లకో మేజర్ వెర్షన్, కాకపోతే 4.0 అని వచ్చేది ఇంకా పచ్చిదే, 4.2, 4.4 దాకా మారుతూనే ఉంటుంది, 4.6 వచ్చాకే అది అసలైన జీటీకే 4. చెప్పడానికి లాజిక్ ఉంది కానీ వినేవాడికి ఎలా ఎక్కుతుంది? పాయింట్ జీరో అంటే అన్నం ఉడికిందనే కదా ఎవరైనా అనుకునేది, విస్తరిలో వడ్డించాక ఇంకో మూడు విజిల్స్ రావాలంటే ఎవడు ఊరుకుంటాడు. గోల గోల అయింది. ఆ ఏడాదే ప్లాన్ మార్చారు, పచ్చి వెర్షన్లకి 3.89, 3.90, అలా 3.99 దాకా నంబర్లు, 4.0 అంటే మాత్రం మొదటి రోజు నుంచే స్టేబుల్. నాకైతే వాళ్లు చేసిన మంచి పని ఇదే అనిపిస్తుంది, కొత్త ఫీచర్ల కన్నా కూడా.

ఇప్పుడు లెక్క చూడు, రెండేళ్లకోటి అనుకున్నది 3.0కి 4.0కి మధ్య దాదాపు పదేళ్లు పట్టింది. అసలు జీటీకే పుట్టిందే గింప్ అనే ఫొటో ఎడిటింగ్ ప్రోగ్రామ్ కోసం, ఆ గింప్ కూడా 2025 మార్చిలో వచ్చిన 3.0తో గానీ జీటీకే 3కి మారలేదు, ఈలోపు 4 వచ్చి నాలుగేళ్లు దాటింది. నువ్వు అంత వెనకబడక్కర్లేదు గానీ 5 కోసం కాచుకుని కూర్చోకు. ముందు 3.24 మీదే ఉండి వార్నింగులు వచ్చే పాత ఫంక్షన్లు తీసెయ్, ఆ తర్వాత 4కి రా. కంటైనర్ క్లాసు, పాత మెనూలు 4లో లేవు, డైలాగ్‌ని రన్ చేసి జవాబు కోసం ఆగే పద్ధతీ లేదు, బిల్లు కన్ఫర్మ్ చేసే చోటల్లా కోడ్ తిరగరాయాల్సిందే. స్టాక్ లిస్టుకి ట్రీవ్యూ వాడి ఉంటావు, 4లో పనిచేస్తుంది కానీ 4.10 నుంచి దాన్ని వద్దంటున్నారు, అదొక్కటి చివర్లో తీరిగ్గా చేసుకో. ఎరువుల సీజన్‌లో మాత్రం ముట్టుకోకు, మామయ్యతో తిట్లు తింటావ్.

ప్రశ్న: సార్, ఖాళీ టైములో గ్నోమ్ (జీటీకేతో చేసిన లినక్స్ డెస్క్‌టాప్) యాప్‌లకి తెలుగు అనువాదం చేస్తుంటాను. అంతా పూర్తిచేశాక మళ్లీ వాక్యాలు మారిపోతున్నాయి, ఎప్పుడు కూర్చుంటే మేలు?
– ఓ టీచర్, రాజమండ్రి

జవాబు: మేడమ్, గ్నోమ్ రిలీజులు మార్చి, సెప్టెంబర్ నెలల్లో వస్తాయి. బస్సు టైముకి బయల్దేరుతుంది, రెడీ అవని ఫీచర్ తర్వాతి బస్సెక్కాలి. బయల్దేరే కొన్ని వారాల ముందు స్ట్రింగ్ ఫ్రీజ్ అని పెడతారు, అప్పట్నుంచి స్క్రీన్ మీద వాక్యం మార్చాలంటే అనువాదాల టీమ్‌ని అడగాల్సిందే. పెద్ద పని అప్పుడు పెట్టుకోండి, మిగతా నెలల్లో ఎప్పట్నుంచో మారకుండా ఉన్న మెనూ పేర్లూ అవీ చూసుకోండి.

ప్రశ్న: జీటీకేలో ఎక్స్ 11 (లినక్స్‌లో విండోల్ని స్క్రీన్ మీద చూపించే పాత వ్యవస్థ) సపోర్ట్ తీసేస్తున్నారట, మా పాత ల్యాప్‌టాప్ గతేంటి?
– ఓ పాఠకుడు, కర్నూలు

జవాబు: 2025 మార్చిలో 4.18తో పాటు ఇది పోబోతోందని మార్క్ చేశారు, అంతే. తీసేది 5లో. 4 సిరీస్ నడిచినన్నాళ్లూ జీటీకే వైపు నుంచి మీ ల్యాప్‌టాప్‌కి ఢోకా లేదు.