తారస్థాయిలో గొంతు పట్టేస్తుంటే గురువును మార్చాలా?

విజయవాడలో ఏడాదిగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నా పై షడ్జమం (పై స్థాయి ‘స’) దగ్గర గొంతు బిగుస్తోందంటే, ముందు శ్రుతి, అంటే మీరు ‘స’గా పెట్టుకునే ఆధార స్వరం, చూడండి. హార్మోనియం మెట్ల లెక్కన మగవారికి సాధారణంగా ఒకటి, రెండు మధ్య, ఆడవారికి నాలుగున్నర, ఆరు మధ్య కుదురుతుంది. మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’) నుంచి తార పంచమం (పై స్థాయి ‘ప’) దాకా మెడ నరాలు ఉబ్బకుండా అందేదే మీ శ్రుతి. క్లాసులో అందరికీ ఒకటే శ్రుతి పెడితే ఎవరో ఒకరు అరవక తప్పదు.

మంచి గురువు మీ ఒక్కరి చేతే పాడించి వింటారు. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు (మొదటి స్వర పాఠాలు) మూడు కాలాల్లోనూ (వేగాల్లోనూ) స్వరంతో, తర్వాత అకారంతో, అంటే ‘ఆ’ అంటూ, పాడిస్తారు. అకారంలోనే దొంగ స్వరం (అసలు గొంతు విప్పకుండా పాడే గొంతు) బయటపడుతుంది. దవడ బిగిస్తే అక్కడే ఆపుతారు. అవేవీ లేకుండా నెలకో కీర్తన చెబుతుంటే మాత్రం మార్చండి.

పొద్దున్నే పదిహేను నిమిషాలు మంద్రస్థాయిలో నిలకడగా పాడి, ఆ తర్వాతే పైకి వెళ్లండి. బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి.