కమాన్లు దించిన పాత పికప్‌కి 17 అంగుళాల అల్లాయ్స్ తగులుతాయా?

విజయనగరంలో మీ పాత మహీంద్రా జీప్ పికప్ కమాన్లు (బండి బరువు మోసే ఇనప పట్టీల స్ప్రింగులు) మార్చి రెండు అంగుళాలు దించానన్నారు, ఇప్పుడు 17 అంగుళాల అల్లాయ్స్ వేస్తే తగులుతాయా అని అడిగారు. తగిలేదీ తగలనిదీ ఆ 17ని బట్టి కాదండీ. ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యగీతకీ, బోల్టులు బిగించే ముఖానికీ మధ్య దూరం, మి.మీ.లో), టైరు వెడల్పు చూడాలి. నేను డబ్బులు తగలేసి నేర్చుకున్న పాఠం ఇది.

నాదీ అలాంటి బండే, కాశీబుగ్గలో ఉంది. ఓ షాపులో "బోల్టులు సరిపోయాయి కదా, ఇంకేం కావాలి" అంటే నమ్మి 7 అంగుళాల వెడల్పున్న రిమ్ములు, 235/70 ఆర్16 టైర్లు (వెడల్పు 235 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 16 అంగుళాలు) వేయించాను. ఖాళీ బండికి భలే కుదిరాయి. వారం తిరక్కుండా 80 కిలోల జీడిపిక్కల బస్తాలు ఆరు ఎక్కించుకుని బయల్దేరా. నరసన్నపేట దాటాక స్పీడ్ బ్రేకర్ మీద వెనక 'ఖర్ర్'మంది. దిగి చూస్తే టైరు భుజం మీద చాకుతో గీరినట్టు గాడి, మడ్‌గార్డు అంచుకి నల్లటి రబ్బరు తొక్క.

ఇంటికొచ్చి లెక్క వేశా. పాత టైరు వెడల్పు 185, పాత రిమ్ము ఆఫ్‌సెట్ 20. కొత్తదాని ఆఫ్‌సెట్ 0, అంటే చక్రం మధ్యగీత 20 మి.మీ. బయటికొచ్చింది. వెడల్పు 50 పెరిగింది కాబట్టి ఒక్కో పక్కకి 25. మొత్తం బయటికి 45. మడ్‌గార్డు దాకా నాకున్న ఖాళీ 40! లోపలివైపు పెరిగింది 5 మాత్రమే. ఈ కూడికా తీసివేతా ముందే చేసుంటే సరిపోయేది.

అందుకే రిమ్ము కొనకముందే, పాత చక్రాలు ఉండగానే, మీరు మామూలుగా మోసే బరువంతా ఎక్కించి టేపుతో కొలవండి: టైరు నుంచి మడ్‌గార్డు అంచుకి, లోపల కమాను కట్టకి. ముందు చక్రాలకైతే స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి కొలవాలి. ఖాళీ బండి కొలతలు దేనికీ పనికిరావు.

షాపులో పీసీడీ (బోల్టుల కేంద్రాల మీదుగా గీసిన వలయం వ్యాసం) కూడా అడిగే ఉంటారు. ఐదు బోల్టుల్లో పక్కపక్కనున్న రెండింటి కేంద్రాల మధ్య 82 మి.మీ. వస్తే అది 139.7. పాత జీపులది అదే.

నేను చివరికి 15 అంగుళాల రిమ్ము, వెడల్పు 6, ఆఫ్‌సెట్ 10, 215/75 టైర్లకి వచ్చాను. టైరు ఎత్తు మొదటి 185 టైర్ల 721 నుంచి 703 మి.మీ.కి తగ్గింది, స్పీడోమీటర్ 60 చూపిస్తే అసలు వేగం 58 చిల్లర. ఫర్వాలేదు. 17 మీదే మనసుంటే వేసుకోండి గానీ, అదే ఎత్తు రావాలంటే రబ్బరు పలచబడుతుంది. మన రోడ్ల గుంతల్లో మొదట రిమ్మే సొట్టపోతుంది. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) కూడా చూడండి: 91 అంటే టైరుకి 615 కిలోలు, 104 అంటే 900. కారు టైరు చవకగా వస్తోందని పికప్‌కి వేయకండి. స్పేసర్లతో (చక్రాన్ని బయటికి జరపడానికి హబ్బుకీ రిమ్ముకీ మధ్య పెట్టే బిళ్లలు) సర్దుతామంటే మాత్రం నేనైతే వద్దనే అంటాను.

ఇంకొకటి, కమాన్లు దించిన సంగతి ఆర్‌టీఓ ఆఫీసులో కనుక్కోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మార్పుల గురించే.

నట్లు అల్లాయ్‌కి తగ్గ కోన్ (రిమ్ము రంధ్రంలో కూర్చునే ఏటవాలు అంచు) ఉన్నవే తీసుకోండి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించండి. ఎడమవైపువి ఎదురు మరవేమో ముందే చూసుకోండి. నా బండికి అలాగే ఉన్నాయి. అది తెలియక పంక్చర్ కుర్రాడు విప్పుతున్నాననుకుని పైపు తగిలించి మరీ బిగించి, స్టడ్డు విరగ్గొట్టాడు.